ఆస్పత్రి బండి

"అలా నిలబడకు తమ్ముడూ. ఎవరో పోయినట్టుంది," అంది రిహార్సలమ్మ.

ఆయన చేతులు విడదీశాడు. విడదీసిన చేతుల్ని ఏం చెయ్యాలో తెలియక ప్యాంటుకి అటూ ఇటూ వేలాడేశాడు. కాసేపటికి అవి వాటంతటవే ముందుకొచ్చి ఒకదాని మీద ఒకటి వాలాయి. తల కూడా కాస్త వంగింది.

"అలవాటమ్మా. బండి వెనక తలుపు దగ్గర ఇట్లాగే నిలబడాలి."

"అక్కడ నిలబడు. ఇక్కడ వద్దు. నువ్వట్లా తల వంచితే మేజిస్ట్రేటు నువ్వేదో దాస్తున్నావనుకుంటాడు."

గోడ మేకుకి వేలాడుతున్న గుడ్డసంచి తీసి ఆయన చేతికిచ్చింది. "రెండు చేతుల్తో పట్టుకో. చేతులకి పని దొరికితే మనిషికి ధైర్యం వస్తుంది."

పట్టుకున్నాడు. సంచి ఖాళీ. అయినా బరువున్నదాన్ని మోసినట్టే పట్టుకున్నాడు.

పిల్లల కోర్టుకి ఎదురుగా ఉన్న పాత మేడలో, మెట్ల కింద ఉంది ఆ గది, కోర్టువాళ్లే వాడుకోమన్నది. ఒక బల్ల, బల్లవతల చేతులున్న కుర్చీలు మూడు, ఇవతల చేతుల్లేని బెంచీ ఒకటి. కోర్టు హాల్లో ఎలా ఉంటాయో అలాగే, అంతే దూరంలో పెట్టించింది. మూలనున్న బీరువా నిండా ఇస్త్రీ చేసిన చొక్కాలు, అట్టపెట్టెల్లో బూట్లు, ఒక దువ్వెన, ఒక అద్దం. వచ్చినవాళ్లు ఇక్కడ చొక్కా తొడుక్కుని వాయిదాకి వెళ్తారు. మళ్లీ తెచ్చి ఇస్తారు. చాలా చొక్కాలకి చంకల్లో భయం మరకలుంటాయి. ఎంత ఉతికినా పోవు.

రిహార్సలమ్మ అని పేరు పెట్టింది కోర్టు బంట్రోతు, వెక్కిరింపుగా. ఆ పేరే నిలిచింది. నిలవడంలో తప్పు కూడా లేదు. పిల్లాడు ఏం చేశాడన్నది ఆ కోర్టుకి చిటికెలో తెలిసిపోతుంది. మిగతా సేపంతా వాడి వెనక నిలబడ్డవాళ్లని చూస్తారు. చెప్పులు చూస్తారు, గోళ్లు చూస్తారు, మాట చూస్తారు. ఉన్నోడి కొడుకు కొడితే ఆకతాయితనం. లేనోడి కొడుకు కొడితే పెంపకం. పెంపకానికి పరీక్ష పెడతారు. పరీక్షన్నాక ట్యూషన్ ఉండాలిగా. ఆ ట్యూషన్ ఈ మెట్ల కింద నడుస్తుంది. ఉన్నోళ్లు ఎవరూ ఈ గది గడప తొక్కరు, వాళ్లు పుట్టుకతోనే పాసైపోయి ఉంటారు.

ఆమె మధ్య కుర్చీలో కూచుని కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చింది. గొంతు మార్చింది. "పిల్లవాడికి మీరేమవుతారు?"

"నాన్ననండీ."

"తండ్రినండీ అను. గట్టిగా."

"గట్టిగా మాట్లాడితే బాగోదమ్మా, మా పనిలో."

"మీ పని ఇప్పుడు కొడుకుని ఇంటికి తెచ్చుకోవడం. గట్టిగా."

"తండ్రినండీ."

"తల్లి?"

"పోయిందండీ. నా బండిలోనే తీసుకెళ్లాను."

రిహార్సలమ్మ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. మళ్లీ పెట్టుకుంది. "పోయింది అను, చాలు. మిగతాది వద్దు. ఏం పని చేస్తారు?"

"శవాల బండి డ్రైవర్నండీ."

"ఆగు."

ఈ చోటు వస్తుందని ఆమెకి ముందే తెలుసు. కుర్చీలోంచి లేచి వచ్చి ఆయన పక్కన బెంచీ మీద కూచుంది. కష్టమైన మాట చెప్పాల్సొస్తే ఆమె ఆ కుర్చీలోంచి చెప్పదు.

"బండి ఎవరిది?"

"ఆస్పత్రిది."

"మరి ఆస్పత్రి బండి డ్రైవర్నని చెప్పు. అబద్ధం కాదుగా."

ఆయన కాసేపు సంచి కేసి చూశాడు. "అడిగితే?"

"అడగరు. ఆస్పత్రి బండంటే వాళ్లే అంబులెన్సనుకుంటారు. అనుకోనీ. నేను చెప్పేది విను. పోయిన వాయిదాల్లో మోరీలు తీసే ఆమె వచ్చింది, కూతురి కోసం. నిజం నిప్పులాంటిదని నేనూ అనుకున్నాను. ఉన్నదున్నట్టు చెప్పమన్నాను. చెప్పింది. అక్కడ పెద్ద టీచరమ్మ అని ఒక సభ్యురాలుంది, ముక్కు దగ్గర రుమాలు పెట్టుకుంది. ఇంట్లో వాతావరణం పిల్లకి అనుకూలం కాదని రాశారు. ఆ పిల్ల ఇంకా హోంలోనే ఉంది. నిప్పే తమ్ముడూ. చేత్తో పట్టుకోకూడదు."

ఆయన తలూపాడు. "వాడు వచ్చేస్తాడంటే ఏదైనా చెప్తానమ్మా."

"ఏదైనా వద్దు. నేను చెప్పిందే. మళ్లీ మొదట్నించి."

మళ్లీ మధ్య కుర్చీలో కూచుంది. కళ్లద్దాలు జార్చింది. ఆ సాయంత్రం ఆయన వెళ్లేసరికి 'ఆస్పత్రి బండి' అన్న మాట ఆయన నోట్లో నలిగి నునుపైంది. ఆమె చొక్కాలు మడతపెట్టి, మధ్యాహ్నం మిగిల్చిన డబ్బా తెరిచి, ఆ కుర్చీలోనే కూచుని తినేసింది. ఎదురుగా ఖాళీ బెంచీ. ఇంటి దగ్గరా ఇంతే, కాకపోతే అక్కడ బెంచీ కూడా లేదు.

*

హోంలో పిల్లల్ని కలిసే గదిలో బల్లకి అడ్డంగా ఇనప జాలీ ఉంటుంది. జాలీకి ఇవతల తల్లులు వేళ్లు పెట్టి పెట్టి ఒక చోట రంగు పోయింది.

పిల్లాడు వచ్చి కూచున్నాడు. పద్నాలుగేళ్లవాడు. హోం వాళ్లిచ్చిన చొక్కా భుజాల దగ్గర జారిపోతోంది. తండ్రి ముక్కే, తండ్రి మౌనమే. బడిలో తోటి పిల్లాణ్ని స్టీలు నీళ్ల సీసాతో నుదుటి మీద కొట్టాడు. కుట్లు పడ్డాయి. బడివాళ్లు పోలీసులకి చెప్పారు. ఎందుకు కొట్టాడో మాత్రం వాడు ఎవరికీ చెప్పలేదు, పోలీసులకీ, తండ్రికీ.

"వాయిదా రోజు ఏమడిగినా 'తప్పయింది సార్' అను," అంది రిహార్సలమ్మ. "వాడు తిట్టాడు, వీడు గిల్లాడు, అవన్నీ వద్దు. సంజాయిషీ ఇచ్చేవాడంటే వాళ్లకి చిరాకు."

"సరే."

"ఎందుకు కొట్టావో నాకన్నా చెప్తావా? నాకు తెలిస్తే మంచిది."

పిల్లాడు జాలీలోంచి ఆమె చేతిసంచి కేసి చూశాడు.

"మీ నాన్నకి తెలుసా?"

"తెలీదు. చెప్పకండి."

"నాకే తెలీదు, ఏం చెప్తాను."

దానికి వాడి పెదాలు కాస్త కదిలాయి. నవ్వు దాకా రాలేదు. వాడే అడిగాడు. "నాన్న బండి ఎక్కడ పెడుతున్నాడు?"

"బండికేం, బాగానే ఉంది."

"అది కాదు. వాయిదాకి బండిలోనే వస్తాడా?"

పిల్లలు ఇలాంటివే అడుగుతారు. కుక్కకి అన్నం పెట్టారా, సైకిల్లో గాలుందా. భయం ఎక్కువైతే మనసు చిన్నచిన్న వస్తువుల్ని పట్టుకుంటుంది. ఆమె అలాగే అనుకుంది.

"చూద్దాం," అంది. "నువ్వు ముందు జుట్టు దువ్వుకో. మేజిస్ట్రేటు జుట్టు కూడా చూస్తాడు."

"ఆయనకుందా?"

"లేదు. అందుకే అందరిదీ చూస్తాడు."

ఈసారి నవ్వాడు.

*

వాయిదాకి ముందు రోజు పొద్దున ఆమె ఆస్పత్రికి వెళ్లింది. ఆయనకి చొక్కా కొలత సరిపోలేదు, వేరేది ఇవ్వాలి. మార్చురీ వెనక గేటు దగ్గర బండి ఆగి ఉంది. తెల్లటి పొడుగాటి వ్యాను, పక్కన అద్దాల్లేవు. ఆయన వెనక తలుపు పక్కన నిలబడి ఉన్నాడు. చేతులు ముందుకి, ఒకదాని మీద ఒకటి. తల వంచి.

లోపలికి ఎక్కించేశారు. ఎవరి తాలూకో ఒకావిడ తలుపు అంచు పట్టుకుని వదలడంలేదు. ఆవిడ మనుషులు లాగుతున్నారు, రావే, పదవే, టైమైపోతోందే అని. ఆయన వాళ్లని చేత్తో వారించాడు. ఆవిడ దగ్గరికెళ్లి, ఏమీ అనకుండా, ఆవిడ వేళ్లని ఒక్కొక్కటిగా తలుపు మీంచి తీశాడు. తొందర లేదు. ముల్లు తీసినట్టు తీశాడు. తీసిన చెయ్యిని గాల్లో వదిలెయ్యకుండా ఆవిడ రెండో చేతిలో పెట్టాడు. అప్పుడు తలుపు వేశాడు, చప్పుడు లేకుండా.

రిహార్సలమ్మ చొక్కా పట్టుకుని గోడ పక్కనే ఉండిపోయింది. ఇన్నేళ్లుగా మనుషులకి ఎలా నిలబడాలో నేర్పుతోంది. ఈయనకి తను నేర్పింది ఈ నిలబడటాన్ని మానెయ్యమని. ఆ ఆలోచన వచ్చింది, వచ్చినంత తొందరగానే పక్కకి నెట్టేసింది. రేపు వాయిదా. పెద్ద టీచరమ్మ రుమాలు.

వచ్చేటప్పుడు ఖాళీ బండిలో ఆయనే దింపుతానన్నాడు. ముందు సీట్లో కూచుంది. ఆయన హారను కొట్టడు. అడ్డమొచ్చినవాళ్లు తప్పుకునేదాకా ఆగుతాడు. వ్యాను కనబడగానే రోడ్డు మీదివాళ్లు మాట ఆపి అటు తిరుగుతారు. ఒకడు ఉమ్మేశాడు. ఆమె కొంగు మొహం మీదికి లాక్కుంది, ఎండన్నట్టు.

"మీవాడు ఈ సీట్లో కూచుంటాడా?"

"చిన్నప్పట్నుంచీ. సెలవులొస్తే దిగడు. నాన్నా, ఇవాళ ఎంతమందిని దింపావంటాడు." ఆయన నవ్వాడు. ఈమె ముందు నవ్వడం అదే మొదలు. "నీ బండెక్కినవాళ్లు ఎవరూ కంప్లైంటు చెయ్యరుగా నాన్నా అంటాడు."

"రేపు బండి కోర్టు దగ్గరికి తేవద్దు. ఆస్పత్రి రోడ్డులో మందుల షాపు వెనక సందులో పెట్టి నడిచి రా."

ఆయన నవ్వు ఆగిపోలేదు, కానీ దానికి అర్థం పోయింది. "ఎక్కడికెళ్లినా అంతేనమ్మా. బడి మీటింగుకి వెళ్తే కూడా గేటు దగ్గర వాచ్‌మన్ వద్దన్నాడు. సందులోనే పెట్టాను."

"ఇక్కడ ఆపు. నేను దిగిపోతాను."

మెట్ల కింద గది ఇంకా రెండు వీధుల అవతల ఉంది. ఆయన బండి పక్కకి తీసి ఆపాడు.

*

కోర్టు హాల్లో ఫ్యాను తిరుగుతోంది, గాలి మాత్రం మేజిస్ట్రేటు వైపుకే. ఆయనకి ఒకపక్క పెద్ద టీచరమ్మ, ఇంకోపక్క ఒక డాక్టరు. డాక్టరు సభ్యుడు ఎప్పుడూ నిద్రలోనే ఉంటాడు, సంతకం దగ్గర లేస్తాడు.

దెబ్బతిన్న పిల్లాడు తల్లి పక్కన కూచున్నాడు. కనుబొమ్మ పైన కుట్ల గీత. కొట్టిన పిల్లాణ్ని హోం వ్యానులో తెచ్చి ఇటుపక్క నిలబెట్టారు. జుట్టు తడిపి దువ్వుకున్నాడు. తండ్రి గళ్ల చొక్కాలో, సంచి పట్టుకుని, తల ఎత్తి నిలబడ్డాడు. నేర్పినట్టే. వెనక బెంచీ మీద రిహార్సలమ్మ తన చేతిసంచిని తను గట్టిగా పట్టుకుంది.

"పిల్లవాడికి మీరేమవుతారు?"

"తండ్రినండీ."

"తల్లి?"

"పోయిందండీ."

"ఏం పని చేస్తారు?"

"ఆస్పత్రి బండి డ్రైవర్నండీ."

పెద్ద టీచరమ్మ తలూపి ఏదో రాసుకుంది. రుమాలు బల్ల మీదే ఉంది. పిల్లాడు తలెత్తి తండ్రి కేసి చూశాడు. రిహార్సలమ్మకి ఆ చూపు కనిపించింది. పలకరింపనుకుంది.

"నువ్వెందుకు కొట్టావు?"

"తప్పయింది సార్."

"తప్పని నాకూ తెలుసు. ఎందుకని అడుగుతున్నా."

"తప్పయింది సార్."

మేజిస్ట్రేటు విసుగ్గా దెబ్బతిన్నవాడి వైపు తిరిగాడు. "నువ్వు చెప్పరా. ఏమన్నావు వీణ్ని?"

వాడు తల్లి మొహం చూశాడు. "శవాల బండి డ్రైవరన్నాను సార్. వాళ్ల నాన్నని."

హాల్లో ఎవరో నవ్వాపుకున్నారు. పెద్ద టీచరమ్మ పెన్ను ఆపింది. "మీరు ఆస్పత్రి బండన్నారు కదా?"

"అవునమ్మా."

"శవాల బండి కాదుగా?"

ఈ ప్రశ్న మెట్ల కింద గదిలో లేదు. రిహార్సలమ్మ వెయ్యలేదు. వేస్తారని అనుకోలేదు. వెనక నుంచి ఆమెకి ఆయన మొహం కనబడదు, బొటనవేలు మాత్రం కనబడుతోంది. అది సంచి పిడిని ఒక్కసారి రుద్దింది.

"కాదమ్మా."

పెద్ద టీచరమ్మ మొహం మెత్తబడింది. దెబ్బతిన్నవాడి తల్లి కేసి తిరిగింది. "చూడమ్మా, లేనిపోని మాటలంటే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. మీవాడికి కూడా కాస్త చెప్పుకోండి."

"అదారా," అన్నాడు మేజిస్ట్రేటు. గొంతులో కాస్త దయ వచ్చింది. "వాడు అబద్ధం చెప్పి ఏడిపించాడనా కొట్టావు?"

పిల్లాడు తండ్రినే చూస్తున్నాడు. తండ్రి చూపు మేజిస్ట్రేటు బల్ల మీద, నేర్పిన చోటే ఉంది.

"అవును సార్," అన్నాడు పిల్లాడు. "అబద్ధమే."

ఇంక ఆలస్యం లేదు. తండ్రి పూచీ మీద ఇంటికి పంపొచ్చన్నాడు మేజిస్ట్రేటు. డాక్టరు లేచి సంతకం పెట్టాడు. బంట్రోతు రిహార్సలమ్మ దగ్గరికి వంగి, "పాసయ్యారు," అన్నాడు.

*

గుమాస్తా పిలిచేదాకా వరండాలో ఆగాలి. దెబ్బతిన్నవాడు తల్లి వెనకాల వెళ్తూ వెళ్తూ ఇటు తిరిగాడు. వాడి గొంతులో కక్ష లేదు, పందెం తేలినట్టు అన్నాడంతే.

"చూశావా. నే చెప్పలా?"

పిల్లాడు కొట్టడానికి వెళ్లలేదు. కనీసం కదల్లేదు.

"ఏం చెప్పాడు వాడు?" అంది రిహార్సలమ్మ.

"శవాల బండి అన్నందుకు కాదు," అన్నాడు పిల్లాడు. ఆమెతో చెప్తున్నాడు, తండ్రి వింటున్నాడు. "అది అందరూ అంటారు. నేనూ అంటాను. శవాల బండిని శవాల బండనక ఏమంటారు? మీ నాన్నకే సిగ్గురా, అందుకే మీటింగుకొస్తే సందులో దాచాడు అన్నాడు. గేటు దగ్గర చోటు లేక పెట్టాడన్నాను. కాదు సిగ్గే అన్నాడు. మా నాన్నకి సిగ్గు లేదన్నాను. క్లాసంతా నవ్వారు."

లోపల టైపు మిషను టకటకలాడుతోంది.

పిల్లాడు తండ్రి వైపు తిరిగాడు. "బండెక్కడ పెట్టావు నాన్నా?"

ఆయన నోరు తెరిచాడు. "మందుల షాపు వెనక," అన్నాడు.

పిల్లాడు తలూపి, వెళ్లి బెంచీకి ఆ చివర కూచున్నాడు. ఇటు చూడలేదు. రిహార్సలమ్మకి కుక్క మీద, సైకిల్ మీద తను వేసుకున్న లెక్కంతా గుర్తొచ్చింది. జాలీ అవతల్నుంచి వాడు అడిగింది ఒక్కటే. చూద్దాం అంది తను. జుట్టు దువ్వుకోమంది.

గుమాస్తా తలుపు దగ్గరికొచ్చి పిలిచాడు. పూచీ కాయితం మీద సంతకం పెడితే పిల్లాడు ఇంటికే. ఆయన గుమాస్తా కిటికీ ముందు నిలబడ్డాడు, వెనక రిహార్సలమ్మ.

గుమాస్తా తలెత్తకుండానే అడిగాడు. "ఏం పని?"

ఆయన సంచి కింద పెట్టాడు. గోడకి ఆనించి, పడిపోకుండా చూసి పెట్టాడు. చేతులు ముందుకొచ్చి ఒకదాని మీద ఒకటి వాలాయి.

"శవాల బండి నడుపుతాను," అన్నాడు, గట్టిగా. గట్టిగా మాట్లాడటం ఆమె నేర్పిందే.

గుమాస్తా ఇప్పుడు తలెత్తాడు. "లోపల వేరే చెప్పావుగా?"

"లోపల అబద్ధం చెప్పాను."

"ఊరుకో," అంది రిహార్సలమ్మ. ఆయన చొక్కా చెయ్యి పట్టుకుంది. "సంతకం పెట్టు. ఇంటికెళ్లి నీ కొడుక్కి ఎంతైనా చెప్పుకో. ఇక్కడొద్దు. అయిపోయింది, నీకు తెలీదు, గెలిచేశావు."

ఆయన వెనక్కి తిరిగాడు. ఆమె వేళ్లని చొక్కా మీంచి ఒక్కొక్కటిగా తీశాడు. తొందర లేదు. తీసిన చెయ్యిని ఆమె రెండో చేతిలో పెట్టాడు.

*

గుమాస్తా వెళ్లి చెప్తే మళ్లీ హాల్లోకి పిలిచారు. మేజిస్ట్రేటు కోటు విప్పేసి ఉన్నాడు. మళ్లీ తొడుక్కోవాల్సొచ్చిన కోపం కూడా గొంతులో కలిసింది.

"కోర్టంటే ఆటగా ఉందా? ఇలా చెప్పమని ఎవరు నేర్పారు నీకు?"

"నా నోరే కదండీ. ఎవరూ నేర్పలేదు."

వెనక బెంచీ మీద రిహార్సలమ్మ కూచునే ఉంది. కూచుంటే సరిపోయేది. ఆయన ఆమె పేరు ఎత్తడు. రేపు పొద్దున మెట్ల కింద గది తాళం మామూలుగానే తెరుచుకోవచ్చు, ఇంకో తల్లి, ఇంకో చొక్కా. ముందు బెంచీ పట్టుకుని లేచింది.

"నేనే నేర్పాను సార్."

"మీరా?"

"ఈ పని చెప్తే పిల్లాణ్ని ఇవ్వరని నేర్పాను."

"ఇవ్వరని ఎవరన్నారు మీకు?"

"మోరీలు తీసే ఆమె కూతుర్ని ఇవ్వలేదు సార్. ఇంటి వాతావరణమన్నారు. వాళ్లింటికి నేను వెళ్లాను. మా ఇంటికన్నా శుభ్రంగా ఉంది. మీరెవరూ వెళ్లలేదు."

పెద్ద టీచరమ్మ రుమాలు అందుకోబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది. డాక్టరు మేలుకునే ఉన్నాడు. జవాబు లేనప్పుడు కోర్టు ఉత్తర్వు ఇస్తుంది. ఇచ్చింది. పూచీ రద్దు. ఇల్లు చూసి రిపోర్టు వచ్చేదాకా, అంటే వచ్చే వాయిదా దాకా, పిల్లాడు హోంలోనే. తండ్రికి మందలింపు. రిహార్సలమ్మ ఈ హాల్లో మళ్లీ అడుగు పెట్టకూడదు, అవతలి గది తాళాలు గుమాస్తాకి ఇచ్చెయ్యాలి.

ఆమె తాళాలు అక్కడికక్కడే ఇచ్చేసింది. బంట్రోతు తలుపు తీసి పట్టుకున్నాడు.

హోం వ్యాను గేటు లోపల ఆగి ఉంది. పిల్లాణ్ని కానిస్టేబులు భుజం మీద చెయ్యేసి నడిపిస్తున్నాడు. తండ్రి పక్కన నడుస్తున్నాడు, చేతులు ఖాళీగా, వెనక రిహార్సలమ్మ. చొక్కా గుండీ ఒకటి ఊడిపోయింది.

"ఇంటికొచ్చేవాడివిరా," అన్నాడాయన. "నావల్ల మళ్లీ ఉండాల్సొచ్చింది."

పిల్లాడు వ్యాను మెట్టు మీద ఆగాడు. వాడికి ఏడుపొస్తోంది, దాన్ని చొక్కా చేతికి తుడిచేశాడు.

"వచ్చే వాయిదాకి బండి గేటు ముందే పెట్టు నాన్నా."

"వాచ్‌మన్ వద్దంటే?"

"లోపల మనిషున్నాడను. ఎవడూ దగ్గరికి రాడు."

తండ్రి నవ్వాడు. తలుపు వేశారు, చప్పుడుగా. వ్యాను గేటు దాటేదాకా ఆయన అక్కడే, తల ఎత్తి, చేతులు ముందుకి పెట్టుకుని నిలబడ్డాడు.

*

మందుల షాపు వెనక సందు దాకా ఇద్దరూ నడిచారు. ఆయన బండి తలుపు తీశాడు. ఆమె ముందు సీట్లో ఎక్కింది. గేరు పక్కన ఒక చిన్న దిండు ఉంది, పిల్లాడు వీపు వెనక పెట్టుకునేది. దాన్ని ఆమె ఒళ్లో పెట్టుకుంది.

"చొక్కా ఉతికి ఇస్తానమ్మా."

"ఎవరికిస్తావు? ఉంచుకో."

రోడ్డెక్కారు. జనం మాట ఆపి అటు తిరుగుతున్నారు. ఎండ సూటిగా అద్దంలోంచి మొహం మీద కొడుతోంది. ఆమె కొంగు భుజం మీదే ఉంది. ఎవరైనా తెలిసినవాళ్లు కనబడాలని కళ్లు అటూ ఇటూ తిప్పుతూ చూసింది. ఎవరూ కనబడలేదు. ఆమెకి తెలిసినవాళ్లందరూ ఒకసారి చొక్కా ఎరువు తీసుకుని, తిరిగిచ్చి, మళ్లీ రానివాళ్లే.

నిన్న దిగిన చోటు వచ్చింది. ఆయన బండి నెమ్మది చేశాడు.

"పోనీ," అంది. "మా గేటు దాకా పోనీ."

వెళ్లింది బండి. పాత మేడ ముందు, సరిగ్గా మెట్ల దగ్గర ఆపాడు. ఆఫీసులన్నీ కట్టేసే వేళయింది. మెట్ల కింద గదికి అప్పుడే గుమాస్తా వేయించిన కొత్త తాళం. పైన కిటికీలు మూసి ఉన్నాయి. వీధిలో నరపురుగు లేదు.

"ఇక్కడేనా అమ్మా?"

ఆమె దిండుని జాగ్రత్తగా మళ్లీ దాని చోట పెట్టింది.

"ఇక్కడే," అంది. "వాయిదా రోజు పొద్దున నన్ను కూడా ఎక్కించుకో. హాల్లోకి రానివ్వరు. గేటు ముందు బండిలో కూచుంటాను."